తేలిపోయిన కేసును ప్రతి జవానూ మళ్లీ గెలవాలా?

సైన్యం నుంచి ఇంటికి పంపే ముందు జవానుకు చివరిసారి వైద్య పరీక్ష చేస్తారు. ఆ కాగితాల్లో ఒక పట్టిక ఉంటుంది. అయిదు గళ్లు. మొదటి గడిలో జబ్బు పేరు రాస్తారు. అది సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, సర్వీసుతో సంబంధమే లేనిదా అన్నవి తర్వాతి మూడు గళ్లు. వాటిలో అవుననో కాదనో రాస్తే సరిపోతుంది. చివరిది కారణాల గడి. ఏ పరిస్థితులను, ఏ కాలపు సర్వీసును చూసి ఆ అభిప్రాయానికి వచ్చారో పరీక్ష చేసిన వైద్యుల బోర్డు అక్కడ చెప్పాలి. మా తమ్ముడి కాగితంలో కాదు, కాదు, అవును అని వరసగా రాసి, చివరి గడిలో ఒకే వాక్యం పెట్టారు. శాంతి ప్రాంతంలో పనిచేస్తుండగా బయటపడిన జబ్బు, శరీర తత్వానికి సంబంధించినది, అని. యుద్ధ క్షేత్రం కాని మామూలు కంటోన్మెంటును శాంతి ప్రాంతమంటారు.

వాడు హవల్దారుగా దిగిపోయాడు. చేరేటప్పుడు మైలు పరుగు, ఛాతీ కొలత, కంటి పరీక్ష అన్నీ నెగ్గాకే తీసుకున్నారు. ఆనాటి వైద్య పత్రంలో ఏ లోపమూ నమోదు కాలేదు. ఆ తర్వాత రాజస్థాన్ ఎడారిలో చేశాడు, కశ్మీరులో చేశాడు, లద్దాఖ్‌లో ఊపిరి సరిగా ఆడని ఎత్తున చేశాడు. మైదానంలో ఉన్న ఒక కంటోన్మెంటుకు బదిలీ అయ్యాక, ఏటా చేసే పరీక్షలో రక్తపోటు ఉందని తేలింది. కొండ మీద ఉన్నప్పుడు అది లేదని ఎవరూ అనలేదు, ఉందో లేదో తేల్చేంత తీరికగా అక్కడ ఎవరూ చూడలేదు. దిగిపోయే నాటికి బోర్డు దాన్ని 30 శాతం వైకల్యంగా, జీవితాంతం ఉండేదిగా లెక్కకట్టింది. లెక్కకట్టి, దానికీ సైన్యానికీ సంబంధం లేదంది. అలా అంటే వైకల్య పింఛను రాదు.

కాగితం నాకు చూపించి వాడు అడిగిన మొదటి మాట ఇది: “అన్నయ్యా, శరీర తత్వం అంటే వంశంలోనే ఉందనేగా? నాన్నకు బీపీ ఉండేదని వీళ్లకు ఎవరు చెప్పారు?” మా నాన్న ఎనభై దాటాక కూడా పొద్దున్నే గట్ల వెంట తిరిగి చేను చూసుకొచ్చిన మనిషి. చివరి జబ్బు దాకా ఆయన చేతికి ఆ పట్టీ కట్టిన వాళ్లే లేరు. బోర్డులో ఎవరూ తనను ఇంటివాళ్ల ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదని తమ్ముడు చెబుతాడు.

నేను కోర్టులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన వాడిని. అద్దె బకాయికి సంబంధించిన చిన్న దావా కొట్టేసినా మున్సిఫ్ గారు కారణాలు రాయాల్సిందే. రాయకపోతే పై కోర్టులో ఆ తీర్పు ఒక్క వాయిదాకైనా నిలవదు. ఒక మనిషి జీవితాంతం తీసుకోవాల్సిన సొమ్మును ఒక్క వాక్యంతో కొట్టేసి, ఆ వాక్యానికి కారణం వెతికే పని కూడా అతని నెత్తినే పెట్టడం నా ఉద్యోగ జీవితంలో నేను చూడని పద్ధతి. అందుకే వాడి కాగితాలు నేను చేతిలోకి తీసుకున్నాను. చదువుతూ పోయిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఈ గొడవ సుప్రీంకోర్టులో ఎప్పుడో తేలిపోయింది. తేలిపోయిన గొడవనే ప్రభుత్వం ఒక్కో జవానుతో విడివిడిగా, మొదటి నుంచి, మళ్లీ పోరాడుతోంది. ఇందులో పొదుపు ఉందని కొందరంటారు. ఎక్కువ మంది కోర్టు దాకా రారన్న లెక్క తప్ప నాకు ఇందులో మరొకటి కనిపించదు.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఊళ్లో చాలామంది ఇది లక్షల వ్యవహారమనుకుంటారు. పూర్తి సర్వీసు చేసిన జవానుకు సర్వీసు పింఛను ఎలాగూ వస్తుంది. దానిపైన వచ్చే వైకల్య భాగమే ఈ తగవుకు మూలం. వైకల్యం నూటికి నూరు శాతమైతే చివరి వేతనంలో 30 శాతం ఇస్తారు, తక్కువైతే ఆ మేరకు తగ్గుతుంది. చివరి వేతనం 40,000 రూపాయలనుకుంటే నూరు శాతానికి 12,000, ముప్పై శాతానికి 3,600. దీనికి కరువు భత్యం కలుస్తుంది. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు, అది సర్వీసు వల్ల వచ్చిందో ముదిరిందో అయ్యుండాలి. ఇవే షరతులు. కాబట్టి మా తమ్ముడి విషయంలో అసలు తగవు నెలకు కొన్ని వేల రూపాయలది. ఆ కొన్ని వేలు ఇవ్వకుండా ఉండటానికి ప్రభుత్వం పెట్టే వకీలు ఖర్చు, గుమస్తాల జీతం, కోర్టు సమయం ఎవరైనా పక్కన వేసి కూడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక చట్టం. సైన్యపు పింఛను నిబంధనలు 1961లో వచ్చాయి. జబ్బుకూ సర్వీసుకూ సంబంధం ఎలా తేల్చాలో చెప్పే నియమాలు 1982లో వచ్చాయి. ఆ నియమాలను చదివితే రాసిన వాళ్ల మీద గౌరవం కలుగుతుంది. చేరేనాటి వైద్య పత్రంలో లోపం నమోదు కాకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత వైద్య కారణాలతో పంపించాల్సి వస్తే, ఆరోగ్యం సర్వీసు వల్లే చెడిందని భావించాలి. అర్హత రుజువు చేసుకోమని జవానును అడగకూడదు. సందేహం మిగిలితే ఆ లాభం అతనికే దక్కాలి. చేరేటప్పుడు పరీక్షలో కనిపెట్టడానికి వీలులేని జబ్బు అని వైద్యులు అనుకుంటే అనుకోవచ్చు, కానీ ఎందుకలా అనుకుంటున్నారో రాయాలి. ఇదంతా ఏ జడ్జీ దయతో ఇచ్చింది కాదు, ప్రభుత్వమే రాసుకున్న మాట.

ఆ మాటను ప్రభుత్వానికి గుర్తుచేయడానికి ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరాడు, 1994లో మూర్ఛ జబ్బని చెప్పి 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపారు. అక్కడ కూడా అదే మాట: శరీర తత్వానికి సంబంధించిన జబ్బు, సర్వీసుతో సంబంధం లేదు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆ పింఛను ఇవ్వమని తీర్పు చెప్పింది. చేరేటప్పుడు జబ్బు నమోదు కాలేదు, బోర్డు కారణం రాయలేదు, కాబట్టి నియమాల ప్రకారం భావన జవాను వైపే ఉంటుందని తేల్చింది. సిపాయిని ఇంటికి పంపిన నాటికీ తీర్పుకూ మధ్య పందొమ్మిదేళ్లు. ఈ తీర్పు ఒక్కటి చాలు అనుకుంటాం. 2014 జూన్‌లో మరో బెంచి ఇంకో అడుగు వేసి, జబ్బు కారణంగా సర్వీసు మధ్యలో పంపేశారంటే వైకల్యం 20 శాతం దాటిందనే భావించాలంది. అదే ఏడాది డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో, వైకల్య శాతాన్ని పై మెట్టుకు సవరించే సౌకర్యం మధ్యలో పంపేసిన వాళ్లకే కాక, పూర్తి సర్వీసు చేసి దిగిన వాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. అంటే యాభైకి లోపు ఉంటే యాభైగా, యాభై నుంచి డెబ్భై అయిదు దాకా ఉంటే డెబ్భై అయిదుగా, ఆపైన ఉంటే నూరుగా లెక్కించాలి. మా తమ్ముడి ముప్పై యాభై అయ్యేది ఈ తీర్పు పుణ్యాన్నే. ఆ రోజు కొట్టేసిన ప్రభుత్వ అప్పీళ్లు ఒకటీ రెండూ కావు, 800కు పైగా. ఒకే ప్రశ్న మీద అంతమంది మాజీ సైనికులను సుప్రీంకోర్టు దాకా లాగారన్నమాట.

2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ఈ వ్యాజ్యాల సంగతి చూడమని ఒక నిపుణుల కమిటీ వేశారు. అందులో రిటైరైన సైనికాధికారులతో పాటు కార్గిల్ యుద్ధంలో గాయపడి కాలు కోల్పోయిన మేజరు ఒకరు, ఒక న్యాయవాది ఉన్నారు. తేలిపోయిన అంశాల మీద వేసిన అప్పీళ్లను వెనక్కి తీసుకోమని ఆ కమిటీ చెప్పింది. చెప్పినంత మాత్రాన ఆగలేదు.

ఎందుకు ఆగలేదో అర్థం కావాలంటే జవాను నడిచే దారి చూడాలి. పింఛను నిరాకరిస్తూ, జవాన్ల సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. దాని చివర, ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చని రాసి ఉంటుంది. మొదటి అప్పీలు ఒక కమిటీకి, అది కొట్టేస్తే రెండోది మరో కమిటీకి. అవి కూడా పోయాకే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తున్న ఈ ట్రిబ్యునల్ ముందున్న దారులన్నీ తొక్కి వచ్చావా అని మొదట అడుగుతుంది. ఇప్పుడు దూరాలు చూడండి. ఫిరంగి దళంలో చేసిన వాడి రికార్డ్స్ నాసిక్‌లో, మద్రాసు రెజిమెంటు వాడివి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, సిగ్నల్స్ వాడివి జబల్‌పూర్‌లో ఉంటాయి. పింఛను మంజూరు చేసే కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో. అప్పీలు కమిటీలు ఢిల్లీలో. మన రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలోనో గిద్దలూరు ప్రాంతపు పల్లెల్లోనో ఇంటికొక ఫౌజీ ఉన్నాడు. మందుల సీసాలతో పాటు ఈ భూగోళమంతా అతను నెత్తిన పెట్టుకోవాలి. ఉత్తరాలన్నీ ఇంగ్లిషులోనో హిందీలోనో వస్తాయి. మా తమ్ముడు హిందీ బాగా మాట్లాడతాడు, అయినా రికార్డ్స్ ఆఫీసు ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టేసేవాడు.

మొదటి అప్పీలుకు వచ్చిన జవాబు నా దగ్గర ఉంది. ఒక పేజీ. అందులో మూడొంతులు జబ్బు గురించి వైద్య గ్రంథంలో ఉండే సాధారణ వివరణ. రక్తపోటు ఎవరికైనా వస్తుంది, వయసుతో, వంశంతో, ఉప్పుతో, బరువుతో వస్తుంది అని. మిగిలిన నాలుగు లైన్లలో వాడి పేరు, నంబరు, నిర్ణయం. లద్దాఖ్ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. వాడి పేరు తీసేసి వేరే పేరు పెడితే ఇంకొకరికి పంపుకోవచ్చు. తర్వాత ట్రిబ్యునల్ దగ్గర పరిచయమైన ఒక మాజీ నాయక్ తన కాగితం చూపిస్తే నిజంగానే అలా పంపారని తెలిసింది. పేరా పేరా అదే, ఒక అక్షరదోషంతో సహా.

శాంతి ప్రాంతం అన్న మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కేసులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. సైనిక వైద్యులకు పింఛను విషయాల్లో ఒక మార్గదర్శిక పుస్తకం ఉంది. కొన్ని జబ్బులు యుద్ధ క్షేత్రంలోనో ఎత్తైన ప్రాంతంలోనో బయటపడితే సర్వీసు వల్ల ముదిరాయని ఒప్పుకోవచ్చంటుంది. గుండెపోటైతే, వచ్చిన నాటికి ముందు పద్నాలుగు రోజులు ఏ పనులు చేశాడో పట్టిక తెప్పించి చూడమంటుంది. పద్నాలుగు రోజుల్లో గుండె పాడవుతుందని ఏ వైద్యుడూ అనడు, కానీ ఫారంలో గడి ఉంది కనుక నింపుతారు. రక్తపోటు ఏళ్ల తరబడి చాటుగా పెరిగే జబ్బు. అది ఏ ఊళ్లో మొదటిసారి యంత్రానికి దొరికిందన్నది, ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు జవాబు ఎలా అవుతుంది? దొంగను పట్టుకున్న ఊళ్లోనే దొంగతనం జరిగిందని రాసేసే పోలీసు డైరీలా ఉంది ఈ తర్కం. పైగా కంటోన్మెంటు అనగానే పూలతోటలు, సాయంకాలం పరేడు అనుకునే వాళ్లు ఆ ఉద్యోగం చేసిన వాళ్లను అడగాలి. భార్యాబిడ్డలకు దూరంగా, రాత్రి కాపలాలు కాస్తూ, వరదలకూ అల్లర్లకూ పిలిచినప్పుడల్లా కదిలే బతుకది.

అవతలి వాదన బలహీనమేమీ కాదు. బీపీ, షుగర్ విజయవాడలో బట్టల కొట్టు గుమస్తాకూ వస్తున్నాయి, సైన్యంలో ఉన్నాడు కాబట్టి సైన్యం వల్లే వచ్చిందంటే ఎలా అని అడుగుతారు. రెండోది ఇంకా గట్టిది. పెద్ద అధికారులు రిటైరయ్యే ముందు ఏదో ఒక జీవనశైలి జబ్బు రాయించుకుని ఈ పింఛను పొందుతున్నారన్న ఆరోపణ చాలాకాలంగా ఉంది. రిటైరయ్యే అధికారుల్లో డిజబిలిటీ పెన్షన్ తీసుకునేవారి వాటా జవాన్లలో కంటే బాగా ఎక్కువని కాగ్ నివేదిక 2023లో ఎత్తిచూపింది. ఈ ఆరోపణలో పస ఉందనే నేను అనుకుంటున్నాను. కుర్చీలో కూర్చుని బరువు పెరిగిన అధికారికీ, లద్దాఖ్ నుంచి దిగివచ్చిన హవల్దారుకూ తేడా చూడాల్సిందే. కానీ ఆ తేడా చూడటానికున్న చోటు ఆ పట్టికలోని కారణాల గడే. బోర్డు దాన్ని నిజంగా నింపితే దొంగ కేసులు అక్కడే ఆగుతాయి, నిజమైనవి అక్కడే గెలుస్తాయి. అక్కడ ఒకే వాక్యం ముద్ర వేసినట్టు రాస్తూ పోతే ఏం జరుగుతుంది? వకీలును పెట్టుకోగలిగిన వాడు కోర్టుకు వెళ్లి తెచ్చుకుంటాడు, పెట్టుకోలేని వాడు ఊరుకుంటాడు. ఊరుకునేది అధికారి కాదు.

గుమస్తా పోలిక మాటకొస్తే, బట్టల కొట్టు యజమాని గుమస్తాను చేర్చుకునేటప్పుడు పరుగు పెట్టించి, పళ్లు లెక్కపెట్టి, ఆరోగ్యవంతుడని సంతకం చేయడు. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ ఎత్తున బతకాలో ఇరవై ఏళ్ల పాటు నిర్ణయించడు. జవాను వైద్య చరిత్ర మొత్తం సైన్యం బీరువాలోనే ఉంటుంది. సాక్ష్యమంతా ఒక పక్షం దగ్గర ఉన్నప్పుడు రుజువు బరువు రెండో పక్షం మీద వేయడం ఏ కోర్టులోనూ చెల్లదు. 1982 నియమాలు రాసిన వాళ్లు ఈ సంగతి గ్రహించే రాశారు.

ప్రభుత్వం ఆ నియమాలను తర్వాత మార్చింది, నిజమే. 2008 నియమాల్లో, సర్వీసులో ఉండగా జబ్బు కనిపించినంత మాత్రాన అది సర్వీసు వల్ల వచ్చినట్టు కాదన్నారు. 2023 సెప్టెంబరు 21 నుంచి మరింత బిగించిన కొత్త నియమాలు తెచ్చారు, అవి ఆ తేదీ తర్వాత దిగిపోయే వాళ్లకు. నియమం మార్చే అధికారం ప్రభుత్వానికి ఉంది, దాని మీద వేరే చర్చ చేయవచ్చు. కానీ ఏ నియమమూ కారణం రాయనక్కర్లేదని చెప్పలేదు. 2025 మేలో సుప్రీంకోర్టు స్కిజోఫ్రెనియా పేరుతో పంపేసిన ఒక జవాను కేసులో మళ్లీ ఇదే చెప్పాల్సి వచ్చింది. బోర్డు అభిప్రాయం మీద ఆధారపడి మనిషిని తీసేసి పింఛను నిరాకరించాలంటే ఆ అభిప్రాయానికి కారణాలు ఉండి తీరాలని. అంతకు కొన్ని వారాల ముందు, ఏప్రిల్‌లో, సియాచిన్‌లో పనిచేసి మూర్ఛలతో ఇంటికొచ్చిన మరో సైనికుడికి పింఛను ఇప్పించింది. ఆ మనిషిని సైన్యం నుంచి పంపింది ఎనభైల చివర్లో.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది 2023లో జరిగింది. ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టుకు వెళ్లడానికి వీలులేదని 2015లో సుప్రీంకోర్టు అనడంతో, ట్రిబ్యునల్‌లో ఓడిన జవానుకు నేరుగా ఢిల్లీ తప్ప గతిలేకుండా పోయింది. 2023 మార్చిలో పరశోత్తం దాస్ కేసులో ఆ అడ్డు తొలగించి, రాజ్యాంగంలోని 226 అధికరణం కింద హైకోర్టులకున్న అధికారం పోదని చెప్పారు. పేద జవానుకు దగ్గర్లో ఒక తలుపు తెరుచుకుందని అందరం సంతోషించాం. ఆ తలుపులోంచి జవాన్ల కంటే ముందు ప్రభుత్వమే లోపలికి నడిచింది. అంతకుముందు ట్రిబ్యునల్ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే సర్వజన ప్రాముఖ్యం ఉన్న చట్టపరమైన ప్రశ్న చూపించాలి. ఇప్పుడు అంత కష్టం లేదు, హైకోర్టులో రిట్ వేస్తే సరి. ఢిల్లీ హైకోర్టు ముందుకు అలాంటి పిటిషన్లు వందల్లో వచ్చాయి. 2025 మార్చిలో డయాబెటిస్ ఉన్న ఒక సైనికుడి కేసులో ఆ హైకోర్టు, శాంతి ప్రాంతంలో బయటపడిందన్నంత మాత్రాన పింఛను కాదనడం కుదరదని, సర్వీసు కాక మరేది కారణమో బోర్డు చూపించాలని వివరంగా రాసింది. ఆ తర్వాత కూడా అలాంటి పిటిషన్లు కట్టలు కట్టలుగా వచ్చాయి, కట్టలు కట్టలుగానే కొట్టేశారు.

మా వాడి కేసు ట్రిబ్యునల్‌లో వినికిడికి వచ్చిన రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. అక్కడ బెంచి మీద ఇద్దరుంటారు, ఒకరు హైకోర్టు జడ్జిగా చేసినవారు, మరొకరు సైన్యంలో పెద్ద హోదాలో చేసినవారు. మా కంటే ముందు అరడజను కేసులు ఇలాంటివే. ప్రభుత్వ వకీలు యువకుడు, మర్యాదస్థుడు. ప్రతి కేసులోనూ లేచి, బోర్డు నిపుణుల సంస్థ, దాని అభిప్రాయంలో జోక్యం చేసుకోరాదని ఒకే తీరున చెప్పి కూర్చున్నాడు. మా వంతు వచ్చినప్పుడు జడ్జి గారు ఫైలు తిరగేసి, కారణాలు ఎక్కడున్నాయని అడిగారు. వకీలు ఆ పట్టిక తీసి చివరి గడి చదివాడు. “అది మీ నిర్ణయం. కారణం చదవండి” అన్నారు ఆయన. వకీలు మళ్లీ అదే వాక్యం చదివాడు. పక్కన కూర్చున్న మాజీ సైన్యాధికారి తలెత్తి, ఈయన లద్దాఖ్‌లో ఎప్పుడు చేశాడని ఒక్క ప్రశ్న వేశారు. జవాబు మా వకీలు చెప్పారు, ఎందుకంటే అవతలి ఫైలులో ఆ వివరం పెట్టనే లేదు. బయటికి వచ్చాక తమ్ముడు అన్నది నాకు ఇంకా బాధ కలిగిస్తుంది: “ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది ఈయనొక్కడే, అన్నయ్యా.”

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ముప్పై శాతాన్ని యాభైకి సవరించి ఇమ్మన్నారు. గెలిచామనుకుని ఇంట్లో పాయసం చేసుకున్నారు. తీర్పులో పెట్టిన గడువు దాటిపోయింది, డబ్బు రాలేదు. సివిల్ కోర్టులో డిక్రీ వచ్చాక అమలు దరఖాస్తు వేయడం నేను వేల ఫైళ్లలో చూశాను, కానీ అక్కడ బాకీ పడ్డవాడు పారిపోయిన వ్యాపారో అప్పులపాలైన రైతో అయ్యుంటాడు. ఇక్కడ బాకీదారు భారత ప్రభుత్వం. దాని మీద కూడా అమలు దరఖాస్తు వేస్తే గాని కదలలేదు. కదిలాక వచ్చిన ఉత్తర్వులో, పై కోర్టు నిర్ణయానికి లోబడి తాత్కాలికంగా చెల్లిస్తున్నామని ఒక షరతు ఉంది. ఆ వెంటే హైకోర్టులో వాళ్లు వేసిన రిట్ నోటీసు. దాన్ని తిరగేస్తే అందులో వాదన ఏమిటంటే, బోర్డు నిపుణుల సంస్థ.

నేను కోరేది పెద్దదేమీ కాదు. సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పాక దాని కింద పడే పాత ఫైళ్లన్నీ తీసి, అడగని వాళ్లకు కూడా రికార్డ్స్ ఆఫీసులే లెక్క సరిచేసి పంపాలి. కరువు భత్యం పెరిగినప్పుడు ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే అందరికీ పెరుగుతుంది కదా, ఆ యంత్రాంగం ఉంది. కారణాల గడి ఖాళీగానో ఒక్క వాక్యంతోనో ఉన్న ప్రతి బోర్డు కాగితాన్నీ అప్పీలు కమిటీ అక్కడికక్కడే తిప్పి పంపాలి. ఓడిన కేసులో మళ్లీ పైకి వెళ్లాలనుకున్న అధికారి, ఇది ధరమ్‌వీర్ సింగ్ తీర్పుకు ఎలా భిన్నమో తన సంతకంతో ఒక పేజీ రాయాలి. ఈ మూడోది పెడితే చాలు, సగం అప్పీళ్లు రాత బద్ధకంతోనే ఆగిపోతాయని నా గుమస్తా అనుభవం చెబుతోంది.

అదంతా జరిగే దాకా, నిరాకరణ ఉత్తరం ఇనప్పెట్టెలో పెట్టుకుని కూర్చున్న వాళ్లకు రెండు మాటలు. మొదట మెడికల్ బోర్డు కాగితాల పూర్తి నకలు తెప్పించుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. అవి మీ ఒంటి గురించిన కాగితాలు, మీకు ఇచ్చి తీరాలి. చేరేనాటి వైద్య పత్రం, ఎక్కడెక్కడ పనిచేశారో తేదీలతో పట్టిక కూడా అడగండి. మా కేసు నిలబడింది ఆ పట్టిక మీదే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు నమూనాలు దొరుకుతాయి, నమూనాను నమూనాగానే వాడండి, మీ పోస్టింగులు మీ మాటల్లో రాయండి. ఏళ్లు గడిచిపోయాయి, ఇప్పుడేం లాభం అనుకోకండి. పింఛను నెలనెలా రావాల్సింది కాబట్టి నిరాకరణ కూడా నెలనెలా కొనసాగుతున్న అన్యాయమేనని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో తలుపు మూయరు. అయితే అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. బకాయిలు కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇవ్వాలంది. దిగిపోయి పదేళ్లయిన వాడికి ఏడేళ్ల సొమ్ము అప్పుడే పోయినట్టు. ఈ నెల వేయాల్సిన కేసు వచ్చే నెలకు జరిపితే, వెనక నుంచి ఇంకో నెల పోతుంది.